హాబీ రేడియో స్టేషన్: సెట్ చేసుకోవడం నుంచి తప్పు పట్టుకోవడం దాకా

కొత్తగా హ్యామ్ రేడియోలోకి, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి వైర్‌లెస్ సెట్‌లో మాట్లాడుకునే హాబీలోకి, వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. సెట్ ఆన్ అవుతోంది, డిస్‌ప్లే వెలుగుతోంది, కానీ ఎవరూ పలకడం లేదు. లేదా అందరి మాటలూ వినిపిస్తున్నాయి, మన మాట మాత్రం అవతలికి పోవడం లేదు. వెంటనే అనుమానం సెట్ మీదకే పోతుంది. నిజానికి సెట్ లోపల పాడయ్యేది తక్కువ. తప్పు చాలాసార్లు కరెంటు వైర్లోనో, కనెక్టర్లోనో, యాంటెన్నాలోనో, మెనూలో మార్చడం మర్చిపోయిన ఒక చిన్న సెట్టింగులోనో ఉంటుంది.

అందుకే అన్నీ ఒకేసారి కలిపేసి స్విచ్ వేయకండి. ఒక్కో భాగాన్ని విడిగా పరీక్షించి, అది బాగుందని తేలాకే తర్వాతిది తగిలించండి. ఇలా చేస్తే రేపు ఏదైనా మొరాయించినప్పుడు ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది 2 మీటర్ల బ్యాండులో, అంటే 144 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, ఎఫ్ఎం మీద పనిచేసే 50 వాట్ల సెట్. దానికో పవర్ సప్లై, బయట ఒక యాంటెన్నా. హ్యాండ్‌హెల్డ్‌కి (చేతిలో పట్టుకునే చిన్న సెట్), హెచ్ఎఫ్ సెట్‌కి (3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసేది) తేడా వచ్చే చోట విడిగా చెప్తాను.

## 1. పెట్టె విప్పకముందు

ప్రసారం చేయాలంటే లైసెన్సు, దాంతో వచ్చే కాల్‌సైన్ (గాలిలో మీ పేరులాంటి గుర్తింపు కోడ్) ఉండాలి. అవి చేతికి వచ్చేదాకా పీటీటీ బటన్ (మాట్లాడేటప్పుడు నొక్కి ఉంచేది) జోలికి పోవద్దు.

మీ దేశపు బ్యాండ్ ప్లాన్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఏం చేయొచ్చో చెప్పే పట్టిక) ప్రింట్ తీసి టేబుల్ ముందు అతికించండి. ఇది దేశాన్ని బట్టి మారుతుంది. 2 మీటర్ల బ్యాండు కొన్ని చోట్ల 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే, ఇంకొన్ని చోట్ల 148 దాకా ఉంటుంది. సెట్ ట్యూన్ అయినంత మాత్రాన అక్కడ మాట్లాడే హక్కు వచ్చినట్టు కాదు.

సెట్ వెనుక హీట్ సింక్ ఉంటుంది. దాన్ని గోడకు ఆనించి పెట్టకండి, గాలి ఆడాలి. యాంటెన్నా కేబుల్ లోపలికి వచ్చే కిటికీకి ఎంత దగ్గరగా టేబుల్ ఉంటే అంత మంచిది. ఎందుకో నాలుగో భాగంలో తెలుస్తుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- మల్టీమీటర్
- మీ బ్యాండుకి పనికొచ్చే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా వైపు పోయిన పవర్‌లో ఎంత తిరిగి వస్తోందో చూపేది; అంకె 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది). హెచ్ఎఫ్ కోసం చేసిన మీటర్ 145 మెగాహెర్ట్జ్ దగ్గర చూపే అంకెల్ని నమ్మలేం
- 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే, పవర్‌ను వేడిగా మార్చేసే నిరోధం), మీ సెట్ వాట్లకు తగినది
- రెండు చివరలా కనెక్టర్లున్న మీటరు పొడవు కేబుల్ ముక్క, బాగుందని ముందే పరీక్షించినది
- సెట్‌కి సరిపోయే ఫ్యూజులు, కనీసం రెండు అదనంగా
- తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపు
- నోట్‌బుక్, పెన్ను

ఈ జాబితాలో అందరూ ఎగ్గొట్టేది డమ్మీ లోడ్. యాంటెన్నా ఉండగా ఇదెందుకు అంటారు. తప్పు సెట్‌లో ఉందా, బయట ఉందా అన్నది నిమిషంలో తేల్చేది అదే. వేరే దేనికైనా ఖర్చు తగ్గించుకోండి గానీ దీనికి వద్దు.

## 2. ముందు కరెంటు సంగతి

చాలా సెట్లు 13.8 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. తయారీదార్లు సాధారణంగా దానికి అటూ ఇటూ 15 శాతం తేడా ఒప్పుకుంటారు. అంటే కింద 11.7 వోల్టుల దాకా.

50 వాట్ల ఎఫ్ఎం సెట్ మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్లకు అటూ ఇటూగా లాగుతుంది. 15 ఆంపియర్లు నిలకడగా ఇచ్చే సప్లై తీసుకోండి. 100 వాట్ల హెచ్ఎఫ్ సెట్ 20 ఆంపియర్లు దాటుతుంది, దానికి 25 నుంచి 30 ఆంపియర్ల సప్లై కావాలి. పెట్టె మీద రాసిన అంకె కొన్ని క్షణాలకు ఇవ్వగలిగిన గరిష్ఠమా, నిలకడగా ఇచ్చేదా అన్నది చూసుకోండి.

అసలు చిక్కు సప్లైకీ సెట్‌కీ మధ్య ఉన్న వైరుతో. 3 మీటర్ల వైరంటే కరెంటు పోయి రావడానికి 6 మీటర్ల రాగి. వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లదైతే దాని నిరోధం దాదాపు 0.14 ఓమ్. హెచ్ఎఫ్ సెట్ 20 ఆంపియర్లు లాగితే 2.8 వోల్టులు వైర్లోనే పోతాయి. సప్లై మీటర్ 13.8 చూపిస్తూనే ఉంటుంది, సెట్‌కి చేరేది 11 వోల్టులు. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 0.4 వోల్టు కూడా ఉండదు. సెట్‌తో వచ్చిన వైరు చాలకపోతే అంతకంటే సన్నది అతికించి పొడిగించకండి.

వరుస ఇదీ:

1. సెట్ తగిలించకుండా సప్లై ఆన్ చేసి వోల్టేజి కొలవండి. తిప్పే నాబ్ ఉన్న సప్లై అయితే 13.8 దగ్గర పెట్టి, మళ్లీ చెయ్యి తగలకుండా ఏర్పాటు చేసుకోండి.
2. ఎరుపు ప్లస్, నలుపు మైనస్. కళ్లతో చూసి ఊరుకోకుండా మీటర్‌తో నిర్ధారించుకోండి.
3. ఫ్యూజులు వాటి స్థానాల్లోనే ఉన్నాయో లేదో చూడండి. బ్యాటరీ మీద నడిపేవాళ్లు ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా పెట్టాలి, సెట్ దగ్గర కాదు.
4. సప్లై ఆపి, సెట్ తగిలించి, ఆన్ చేయండి. ఇంకా పీటీటీ నొక్కొద్దు.

కార్లో పెట్టేవాళ్లు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంటు తీసుకోకండి. అది 5 వాట్ల హ్యాండ్‌హెల్డ్‌కి చాలుతుంది, 50 వాట్లకు కాదు. నేరుగా బ్యాటరీ నుంచి తెచ్చుకోవాలి.

## 3. డమ్మీ లోడ్ మీద మొదటి పరీక్ష

సెట్, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్, డమ్మీ లోడ్. మూడింటినీ చిన్న కేబుళ్లతో కలపండి. యాంటెన్నా ఇంకా రంగంలోకి రాలేదు. ఏ లోడూ లేకుండా మాత్రం పీటీటీ నొక్కకండి. చాలా సెట్లలో రక్షణ ఉంటుంది, అలాగని దాన్ని పరీక్షించి చూడాల్సిన పని లేదు.

1. పవర్‌ను అన్నిటికంటే తక్కువకు పెట్టండి.
2. ఎవరూ వాడని ఫ్రీక్వెన్సీ ఎంచుకుని, కాసేపు విని, పీటీటీ నొక్కి కాల్‌సైన్ చెప్పండి.
3. మీటర్‌లో ముందుకు పోయే పవర్, తిరిగి వచ్చే పవర్ చూడండి. తిరిగి వచ్చేది దాదాపు సున్నా ఉండాలి.
4. ఎక్కువ పవర్‌కి మార్చి, నొక్కి ఉంచిన ఐదారు సెకన్లలోనే సెట్ వెనుక పవర్ సాకెట్ దగ్గర వోల్టేజి కొలవండి.
5. పక్క గదిలో ఇంకో హ్యాండ్‌హెల్డ్ ఉంటే మీ గొంతు ఎలా వస్తోందో వినండి. డమ్మీ లోడ్ నుంచి కూడా ఆ మాత్రం సిగ్నల్ బయటికొస్తుంది.

ఈ అంకెలన్నీ తేదీ వేసి రాసుకోండి. ఆరు నెలల తర్వాత అనుమానం వచ్చినప్పుడు పోల్చి చూడడానికి ఇవే ఆధారం.

## 4. కేబుల్, కనెక్టర్లు

145 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ సుమారు 6 డెసిబెల్‌లు తినేస్తుంది. మీరు 50 వాట్లు పంపితే యాంటెన్నాకు చేరేది 12, 13 వాట్లు. వినేటప్పుడూ అంతే నష్టం. దానికంటే లావైన ఆర్‌జీ-213 కేబుల్ అయితే సగానికి కాస్త ఎక్కువే చేరుతుంది. ఎల్ఎంఆర్-400 అయితే 35 వాట్ల దాకా. హెచ్ఎఫ్‌లో 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఇదే ఆర్‌జీ-58 నష్టం ఒక డెసిబెల్‌కి కాస్త ఎక్కువ, అంతే. అక్కడ అది చక్కగా పనికొస్తుంది.

దీంట్లో ఒక మోసం కూడా ఉంది. కేబుల్ ఎంత తినేస్తే కింద మీటర్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ అంత బాగా కనిపిస్తుంది. 6 డెసిబెల్‌లు తినే కేబుల్ పై చివర యాంటెన్నా మొత్తం ఊడిపోయినా, కింద మీటర్ 1.7 చూపిస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంది కాబట్టి యాంటెన్నా బాగుందనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఆర్‌జీ-213కి పీఎల్-259 కనెక్టర్ వేయడం ఇలా:

1. కనెక్టర్ బయటి రింగును ముందే కేబుల్ మీదకు ఎక్కించండి, మరలు కనెక్టర్ వైపు ఉండేలా. అంతా సోల్డర్ చేశాక రింగు టేబుల్ మీద కనిపించడం ఈ హాబీలో అందరికీ ఎదురయ్యేదే.
2. చివర నుంచి 28 మిల్లీమీటర్ల మేర పై తొడుగు తీసేయండి. దాని కింద వలలా అల్లిన సన్న తీగలు (అల్లిక) తెగకుండా బ్లేడు తేలిగ్గా తిప్పాలి.
3. చివరి 16 మిల్లీమీటర్ల దగ్గర అల్లిక, తెల్లటి ఇన్సులేషన్ రెండూ తీసి మధ్య తీగను బయటపెట్టండి. ఒక్క అల్లిక వెంట్రుక కూడా మధ్య తీగకు తగలకూడదు.
4. బయట కనిపిస్తున్న అల్లికకూ, మధ్య తీగకూ పలచగా సోల్డర్ పూయండి.
5. కనెక్టర్ బాడీని స్క్రూలా తిప్పుతూ ఎక్కించండి. పక్కన ఉన్న రంధ్రాల్లోంచి అల్లిక కనిపించాలి.
6. ఆ రంధ్రాల్లో సోల్డర్ పోయండి. ఇక్కడ చిన్న ఐరన్ పనికిరాదు. బాడీ వేడెక్కేలోపు లోపలి ఇన్సులేషన్ కరిగిపోతుంది. 100 వాట్ల ఐరన్, వెడల్పు టిప్, త్వరగా ముగించడం.
7. చివరగా మధ్య పిన్ సోల్డర్ చేసి, చల్లారాక రింగు ముందుకు తెచ్చుకోండి.

పెద్ద ఐరన్ లేకపోతే క్రింప్ కనెక్టర్లు, దానికి సరైన టూలు వాడండి. కటింగ్ ప్లయర్‌తో నొక్కింది క్రింప్ కాదు.

మల్టీమీటర్ పరీక్ష, రెండు చివరలూ ఖాళీగా ఉండగా: మధ్య పిన్ నుంచి మధ్య పిన్‌కి దాదాపు సున్నా ఓమ్, బాడీ నుంచి బాడీకి దాదాపు సున్నా, పిన్‌కీ బాడీకీ మధ్య ఏమీ చూపకూడదు. కొలుస్తూ కనెక్టర్ దగ్గర కేబుల్‌ను అటూ ఇటూ వంచండి. అంకె ఎగిరితే ఆ కనెక్టర్ కోసేసి మళ్లీ వేయడమే.

హ్యాండ్‌హెల్డ్‌కి బయటి యాంటెన్నా తగిలించేవాళ్లు లావు కేబుల్‌ను నేరుగా దాని చిన్న ఎస్ఎంఏ కనెక్టర్‌కి వేలాడదీయొద్దు. ఆ బరువుకి సాకెట్ లోపల బోర్డు మీద అతుకు ఊడుతుంది. మధ్యలో సన్నటి కేబుల్ ముక్క పెట్టండి.

## 5. యాంటెన్నా

మొదటి యాంటెన్నా సొంతంగా చేసుకోవాలంటే క్వార్టర్ వేవ్ గ్రౌండ్ ప్లేన్ కంటే తేలికైంది లేదు. నిలువు కడ్డీ పొడవు మీటర్లలో కావాలంటే 71.25ను మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 145కి 49 సెంటీమీటర్లు. కింద నాలుగు కడ్డీలు, నిలువు దానికంటే 5 శాతం పొడవుగా, 45 డిగ్రీలు కిందికి వంచి. అలా వంచడం వల్లే ఇంపెడెన్సు, అంటే సెట్‌కి యాంటెన్నా చూపే నిరోధం, 50 ఓమ్‌ల దగ్గరికి వస్తుంది.

ఎఫ్ఎం మీద మాట్లాడేవాళ్లంతా నిలువు యాంటెన్నాలు వాడతారు. మీది అడ్డంగా పెడితే సిగ్నల్ దారుణంగా పడిపోతుంది.

వాట్లకంటే ఎత్తు ముఖ్యం. రేడియో దిగంతం, అంటే సిగ్నల్ నేరుగా చేరే దూరం, కిలోమీటర్లలో కావాలంటే మీటర్లలో ఎత్తు వర్గమూలాన్ని సుమారు 4.12తో గుణించండి. నేల మీద నిలబడి 1.5 మీటర్ల ఎత్తులో హ్యాండ్‌హెల్డ్ పట్టుకుంటే 5 కిలోమీటర్లు, 10 మీటర్ల ఎత్తు యాంటెన్నాకు 13. రెండు స్టేషన్ల దిగంతాలూ కలిపితే అడ్డేమీ లేనప్పటి దూరం వస్తుంది. భవనాలు, చెట్లు ఉంటే అంతకంటే బాగా తగ్గుతుంది.

స్తంభం ఎత్తే ముందు:

- అది ఏ వైపు పడినా కరెంటు తీగలకు తగలని చోటేనా? ఈ ఒక్కదాంట్లో రాజీ లేదు
- మాట్లాడేటప్పుడు ఎవరి చేతికీ అందని ఎత్తులో ఉంటుందా?
- కేబుల్ గోడలోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు తిరిగిందా? లేకపోతే వాన నీరు కేబుల్ వెంట లోపలికి వస్తుంది
- కనెక్టర్‌కి రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టారా? పై నుంచి కిందికి చుడితే నీరు మడతల్లోకి దిగుతుంది
- స్తంభానికి ఎర్త్ ఉందా, అది ఇంటి ఎర్త్‌తో కలిసి ఉందా?

ఉరుములు మొదలవకముందే కేబుల్ తీసి ఇంటి బయట పెట్టాలి. తీసి టేబుల్ మీదే పడేస్తే ఫలితం లేదు.

ఇప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్. తక్కువ పవర్‌తో బ్యాండు మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్ల కొలవండి. కింది ఫ్రీక్వెన్సీలో తక్కువగా ఉండి పైకి పోయేకొద్దీ పెరిగితే కడ్డీ పొడవు ఎక్కువైంది. తిరగబడితే పొట్టిదైంది. 145 దగ్గర 3.4 మిల్లీమీటర్లు కత్తిరిస్తే దాదాపు ఒక మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. అందుకే మొదట ఒక సెంటీమీటరు ఎక్కువే ఉంచుకుని, కొంచెం కొంచెంగా కత్తిరించండి.

1.5 వస్తే ఆపేయండి. అక్కడ తిరిగి వచ్చేది 4 శాతమే. 2 దగ్గర 11 శాతం, 3 దగ్గర 25 శాతం. 1.5ను 1.1 చేయడానికి వారాలు ఖర్చుపెట్టేవాళ్లున్నారు. అవతలి మనిషికి ఆ తేడా వినపడదు.

## 6. మెనూ

రిపీటర్ అంటే మీ మాటను ఒక ఫ్రీక్వెన్సీలో అందుకుని ఇంకో ఫ్రీక్వెన్సీలో తిరిగి పంపే స్టేషన్. దాంతో మాట్లాడాలంటే ఈ వరుసలో నింపండి:

- రిపీటర్ పంపే ఫ్రీక్వెన్సీ, అంటే మీరు వినేది
- ఆఫ్‌సెట్ (రిపీటర్ వినే, పంపే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా) ఎంత, ప్లస్సా మైనస్సా. 2 మీటర్లలో ఎక్కువ చోట్ల 600 కిలోహెర్ట్జ్
- సీటీసీఎస్ఎస్ టోన్, అంటే రిపీటర్ తెరుచుకోవడానికి మాటతో పాటు పంపే సన్నటి శబ్దం. ఇది 67 నుంచి 254.1 హెర్ట్జ్ మధ్య ఒక స్థిరమైన అంకె, 88.5 లాంటిది
- వైడా, నారోనా (మీ సిగ్నల్ ఎంత వెడల్పు తీసుకుంటుందన్నది)
- స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు స్పీకర్ మూసి బుస ఆపేది). బుస ఆగిన చోట నుంచి ఒక మెట్టు పైన

టోన్ దగ్గరే ఎక్కువ మంది ఇరుక్కుంటారు. టోన్ పంపడం వేరు, టోన్ స్క్వెల్చ్ వేరు. మొదటిది మీ సిగ్నల్‌కి టోన్ చేరుస్తుంది. రెండోది ఆ టోన్ వస్తేనే మీ స్పీకర్ తెరుచుకునేలా చేస్తుంది. రిపీటర్ తిరిగి టోన్ పంపకపోతే మీకేమీ వినపడదు, సెట్ చెడిపోయిందనిపిస్తుంది. ముందు పంపడం ఒక్కటే ఆన్ చేయండి.

చిర్ప్ లాంటి ప్రోగ్రాంతో కంప్యూటర్ నుంచి నింపేవాళ్లు మొట్టమొదట సెట్‌లో ఉన్నదాన్ని చదివించి ఒక కాపీ దాచుకోండి. దాన్ని ముట్టుకోకుండా, ఇంకో కాపీలో మార్పులు చేయండి. కేబుల్ పెట్టినా కంప్యూటర్ గుర్తించకపోతే చాలాసార్లు దోషం యూఎస్‌బీ చిప్ డ్రైవర్‌ది. కనెక్టర్ సెట్‌లోకి పూర్తిగా దిగకపోవడం దాని తర్వాతి కారణం.

## 7. మొదటి పిలుపు

కాసేపు వినండి. ఎవరూ లేరనుకున్నాక పీటీటీ నొక్కి, ఒక క్షణం ఆగి మాట్లాడండి. వెంటనే మొదలుపెడితే కాల్‌సైన్ మొదటి అక్షరం రిపీటర్‌లో తెగిపోతుంది. మైకు నోటికి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో, కాస్త పక్కగా. అరవక్కర్లేదు. కాల్‌సైన్ చెప్పి సిగ్నల్, ఆడియో రిపోర్ట్ ఇమ్మని అడగండి.

## 8. మొరాయించినప్పుడు

ఒకసారికి ఒకటే మార్చండి. మార్చింది ఫలితం ఇవ్వకపోతే మళ్లీ పాత స్థితికి తెచ్చాకే ఇంకోటి. లేకపోతే టెన్షన్‌లో నాలుగు మార్చేసి, ఏది పని చేసిందో తెలియక, ఐదో తప్పు మనమే తయారు చేసుకుంటాం.

పీటీటీ నొక్కగానే సెట్ ఆఫ్ అయి మళ్లీ ఆన్ అవుతోంది. యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ పెట్టండి. అప్పుడూ అలాగే అయితే కరెంటు చాలడం లేదు: వైరు, ఫ్యూజ్ హోల్డర్, సప్లై చూడండి. వేడెక్కిన ఫ్యూజ్ హోల్డర్ చేతికే తెలిసిపోతుంది. డమ్మీ లోడ్ మీద బాగుంటే రేడియో శక్తి కేబుల్ బయటి వైపు నుంచి తిరిగి వస్తోంది. కేబుల్‌కి, పవర్ వైర్లకు ఫెర్రైట్ కోర్‌లు (తీగ బయటి వైపు నుంచి వచ్చే రేడియో శక్తిని అడ్డుకునే నల్లటి రింగులు) వేయండి, యాంటెన్నాను సెట్‌కి దూరంగా జరపండి.

ఏమీ వినపడడం లేదు. మానిటర్ బటన్ (స్క్వెల్చ్‌ను కాసేపు తెరిచేది) నొక్కండి. బుస వస్తే స్పీకర్ బాగుంది, స్క్వెల్చో టోన్ స్క్వెల్చో మూసుకుంది. బుస కూడా రాకపోతే వాల్యూమ్, బయటి స్పీకర్ జాక్ చూడండి. బుస వచ్చినా స్టేషన్లు రాకపోతే కేబుల్ తీసి చిన్న యాంటెన్నా పెట్టి చూడండి. చిన్నదానితోనే బాగా వస్తే తప్పు ఎక్కడుందో చెప్పక్కర్లేదు.

రిపీటర్ వినిపిస్తోంది, మనకు తెరుచుకోవడం లేదు. ఆఫ్‌సెట్ దిశ, టోన్, పవర్, ఈ వరుసలో. రివర్స్ బటన్ ఉంటే రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీని వినండి. అక్కడ దగ్గర్లోని స్టేషన్ నేరుగా వినిపిస్తే కనీసం మీ ఆఫ్‌సెట్ సరైందే.

ఆడియో బాగాలేదంటున్నారు. సన్నగా ఉందంటే మీరు నారోలో, మిగతావాళ్లు వైడ్‌లో ఉండొచ్చు. గట్టిగా అన్నప్పుడు చీలుతోందంటే మీరు వైడ్‌లో, మిగతావాళ్లు నారోలో ఉండొచ్చు, లేదా మైకు మరీ దగ్గర. ఇంజిన్‌తో పాటు పెరిగే కూత వస్తోందంటే కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా రావడం లేదు. హ్యాండ్‌హెల్డ్‌లో మాట తెగుతోందంటే అర మీటరు పక్కకు జరిగి చూడండి. గోడల నుంచి తిరిగొచ్చే సిగ్నల్ ఆ కొద్ది దూరంలోనే పూర్తిగా మారిపోతుంది.

వాన పడితే ఎస్‌డబ్ల్యూఆర్ మారుతోంది. కనెక్టర్‌లోకి నీరు దిగింది. టేపు విప్పండి. అల్లిక నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా కేబుల్ కోసేయాలి. కనిపించకపోతే కేబుల్ మొత్తం మార్చాలి. అనుమానం తీరాలంటే మీటర్‌నీ డమ్మీ లోడ్‌నీ పై చివర పెట్టి అక్కడికి ఎన్ని వాట్లు చేరుతున్నాయో కొలవండి.

ఎప్పుడూ ఒకటే గోల. సెట్‌ను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి. గోల ఆగితే అది మీ ఇంట్లోదే. ఒక్కో సర్క్యూట్ ఆన్ చేస్తూ పొండి. చార్జర్లు, ఎల్ఈడీ బల్బులు, సోలార్ ఇన్వర్టర్లు మొదట అనుమానించాల్సినవి. హెచ్ఎఫ్ వాళ్లకు ఈ బాధ ఎక్కువ. అక్కడ 31 మిక్స్ అనే రకం ఫెర్రైట్ రింగుల మీద కేబుల్‌ను పలుమార్లు చుడితే గణనీయంగా తగ్గుతుంది.

హ్యాండ్‌హెల్డ్‌కి పెద్ద యాంటెన్నా తగిలించాక వినడం తగ్గింది. దాని రిసీవర్ చుట్టుపక్కల బలమైన సిగ్నళ్లను తట్టుకోలేకపోతోంది. బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (మీ బ్యాండును మాత్రమే పోనిచ్చేది) పెట్టండి, లేదా దాని చిన్న యాంటెన్నాకే తిరిగి వెళ్లండి. ఆ చిన్న యాంటెన్నా బలం పెంచాలంటే కనెక్టర్ బయటి లోహానికి 49 సెంటీమీటర్ల తీగ తగిలించి కిందికి వదలండి. దీన్ని టైగర్ టెయిల్ అంటారు.

ఇవన్నీ అయ్యాక కూడా డమ్మీ లోడ్ మీద పవర్ రాకపోతే, సాకెట్ దగ్గర వోల్టేజి సరిగ్గా ఉంటే, అప్పుడు సెట్‌ను అనుమానించండి. రిపేరుకు ఇచ్చేటప్పుడు "పని చేయడం లేదు" అని రాయకండి. ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ పవర్‌లో, డమ్మీ లోడ్ మీద ఎన్ని వాట్లు వచ్చాయి, అప్పుడు వోల్టేజి ఎంత, కరెంటు ఎంత, కొత్తలో రాసుకున్న అంకెలు ఏవి, ఇవి కాగితం మీద పెట్టి సెట్‌తో పాటు పంపండి.